చేపపాముకి చేప ఎక్కడిది?

పోయిన నెల ఈ శీర్షిక ఖాళీగా పోయింది. ఆఫీసులో రిలీజు, ఇంట్లో ఒకరి తర్వాత ఒకరికి జలుబు. "ఏమైంది, రాయలేదేం?" అని అడిగినవాళ్ళు ఇద్దరు. అందులో ఒకరు మా చెల్లెలు. సరే, ఈ నెల మాత్రం తప్పించుకునే వీల్లేకుండా మా ఐదేళ్ళ పిల్ల ఒక ప్రశ్న వేసింది.

ఇక్కడ ఎస్పోలో పిల్లల్ని పగలు వదిలే చోటుని పైవాకొతి అంటారు. పైవా అంటే పగలు, కొతి అంటే ఇల్లు. పగటిల్లు అన్నమాట. (మా అమ్మ మొదటిసారి ఆ పేరు విని "కోతా?" అని ఫోన్లో నవ్విన నవ్వు ఇంకా ఆగలేదు.) ఆ రోజు పగటింట్లో మధ్యాహ్నం భోజనం లొహికెయిత్తొ. సాల్మన్ చేప ముక్కలు, ఆలుగడ్డలు, మీగడ వేసి కాచే సూపు. లొహి అంటే సాల్మన్, కెయిత్తొ అంటే సూపు. తిన్నాక టీచరు ఒక కథ చదివిందట. ఆ కథలో నిప్పులు కక్కే లొహిక్యార్మె ఉంది.

సాయంత్రం మంచులో ఇంటికి నడిచొస్తుంటే పిల్ల ఆగి అడిగింది.

"నాన్నా, లొహికెయిత్తోలో లొహి ఉంటుంది కదా. మరి లొహిక్యార్మెలో లొహి ఎక్కడుంటుంది?"

లొహిక్యార్మె అంటే డ్రాగన్. క్యార్మె అంటే పాము. ఆ 'క్యా'ని బ్యాంకులో 'బ్యా' లాగా, కాస్త సాగదీసి పలకండి, సరిపోతుంది. అంటే ఫిన్లాండు పిల్లలందరికీ డ్రాగన్ పేరు అక్షరాలా సాల్మన్ పాము. తొమ్మిదేళ్ళుగా ఈ దేశంలో ఉంటున్నాను, ఆ మాట సినిమా పోస్టర్ల మీదా బొమ్మల కొట్లలోనూ వందసార్లు చూసి ఉంటాను. ఒక్కసారి కూడా విడదీసి చూడలేదు. పిల్లకి ఏదో ఒకటి చెప్పాలి కాబట్టి "పొలుసులుంటాయి కదమ్మా, చేపకున్నట్టు" అన్నాను. నమ్మలేదు. పాముకి కూడా ఉంటాయి కదా, మళ్ళీ చేప ఎందుకు అంది. నిజమే.

ఫిన్నిష్‌లో సమాసాలు మనకి కొత్త కాదు. మనం బడిలో తత్పురుష అని బట్టీపట్టిన సంగతే వాళ్ళు రోజూ బజార్లో చేస్తారు. రెండు మాటలు పక్కపక్కన పెట్టి, సందు లేకుండా అతికించి, మొదటి అక్షరం మీద ఊనిక వేసి పలుకుతారు. అసలు వస్తువు రెండో మాట, దాని గుణం మొదటి మాట. తియెతొ అంటే తెలిసిన సంగతి, కొనె అంటే యంత్రం, తియెతొకొనె అంటే కంప్యూటర్. లెంతొ అంటే ఎగరడం, లెంతొకొనె అంటే విమానం. సన అంటే మాట, కిర్య అంటే పుస్తకం, సనకిర్య అంటే నిఘంటువు. బయటి మాట వద్దనుకున్న చోట ఇలా సొంత సామాను పోగేసి కొత్త మాట కట్టుకోవడం వాళ్ళకి అలవాటు. నాలాంటి ఇంజనీరుకి ఇది భలే సుఖం. విడగొడితే లోపల ఏముందో కనిపిస్తుంది. అందుకే చేపపాము దగ్గర గుండె గతుక్కుమంది. విడగొడితే లోపల ఉన్నది పొసగడం లేదు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల దగ్గర నా ఫిన్నిష్ సహోద్యోగుల్ని అడిగాను. నలుగురూ ఫోర్కులు పట్టుకుని ఆగిపోయారు. ముప్ఫై నలభై ఏళ్ళుగా పలుకుతున్న మాట, అందులో సాల్మన్ ఉందని వాళ్ళకి ఆ క్షణం దాకా తట్టలేదు. ఒకాయన నాలాగే పొలుసుల సిద్ధాంతం చెప్పాడు. ఇంకొకావిడ, సాల్మన్ ప్రవాహానికి ఎదురెక్కుతుంది కదా, దాని బలాన్ని బట్టి పెట్టి ఉంటారు అంది. మూడో ఆయన మాత్రం, "అది స్వీడిష్ మాటై ఉంటుంది. మా దగ్గర అర్థం కానిదేదైనా సగం కేసుల్లో స్వీడిష్ నుంచి వచ్చిందే" అన్నాడు. ఈయన కుయోపియో వైపు నుంచి వచ్చినాయన. ఈయన సంగతి మళ్ళీ వస్తుంది.

శనివారం పిల్లని తీసుకుని లెప్పావారా లైబ్రరీకి వెళ్ళాను. ఫిన్నిష్ మాటల పుట్టుక మీద మూడు సంపుటాల పెద్ద నిఘంటువు ఒకటుంది, 1992 నుంచి 2000 మధ్య వచ్చింది. కైసా హాక్కినెన్ అనే భాషావేత్త ఒక్క చేత్తో రాసిన ఇంకోటి 2004లో వచ్చింది. నా ఫిన్నిష్ కిరాణా కొట్టు స్థాయిది. ఫోను పక్కన పెట్టుకుని వాక్యం వాక్యం కూడబలుక్కుంటూ చదివాను. పిల్ల పక్కన కూర్చుని రంగు పెన్సిళ్ళతో బొమ్మ వేసుకుంటోంది.

భోజనాల దగ్గర మూడో ఆయన చెప్పిందే నిజం. ఫిన్లాండు 1809 దాకా, సుమారు ఆరు వందల ఏళ్ళు, స్వీడన్ రాజ్యంలో భాగం. కోర్టూ కచేరీ చదువూ అన్నీ స్వీడిష్‌లో. పాత స్వీడిష్‌లో డ్రాగన్‌కి ఫ్లోగ్‌డ్రాకి అనే మాట ఉండేది. ఫ్లోగ్ అంటే ఎగిరేది, డ్రాకి అంటే డ్రాగన్. ఎగిరే డ్రాగన్. అందులో చేపా లేదు, నీళ్ళూ లేవు.

ఆ మాట ఫిన్నిష్ చెవిలో పడ్డాక ఏం జరిగిందన్నదే కథ. ఫిన్నిష్ మాట మొదట్లో రెండు హల్లులు కలిసి రావడం పాత ఫిన్నిష్ నాలుకకి పడదు. వస్తే ముందున్నదాన్ని నిర్మొహమాటంగా తోసేస్తుంది. స్వీడిష్‌లో స్కూలా అంటే బడి, ఫిన్నిష్‌లో అది దాదాపు మన 'కౌలు'లా వినిపిస్తుంది. (రైతు కొడుకుని, ఆ మాట విన్నప్పుడల్లా బడిని ఎవరికో కౌలుకి ఇచ్చినట్టే ఉంటుంది నాకు.) గాజుకి స్వీడిష్ గ్లాస్, ఫిన్నిష్‌లో లసి. ఆటకి స్పేల్, ఇక్కడ పెలి. ఫ్రాన్సు దేశం రన్స్క. స్టాక్‌హోమ్ నగరమంతటిది సముద్రం దాటేసరికి తలకాయ పోగొట్టుకుని తుక్‌హొల్మ అయింది. పైగా అసలు 'ఫ' అనే ధ్వనే పాత ఫిన్నిష్‌కి పరాయిది. కాఫీకి స్వీడిష్ మాట కఫ్ఫె, ఇక్కడికొచ్చి కహ్వి అయింది.

కాబట్టి ఫ్లోగ్‌లోంచి 'ఫ' రాలింది. మిగిలింది 'లోగ్', అదీ గొంతులో సగం మింగిన గ. వినేవాడికి 'లొహ్' అనిపించింది. లొహ్ అంటే అర్థం లేదు. లొహి అంటే ఉంది! ప్రతి ఏటిలోనూ ఉంది, ప్రతి ఇంటి గిన్నెలోనూ ఉంది. అంతే, ఎగిరేదాని ఖాళీలో సాల్మన్ వచ్చి కూర్చుంది. రెండో సగం డ్రాకిని మాత్రం చెవితో కాక బుద్ధితో తీసుకున్నారు, పాము అని అనువదించారు. అదీ న్యాయమే. డ్రాగన్ అనే మాటకి మూలమైన గ్రీకు మాటకి అర్థం పెద్ద పామే. మొదటి సగం శబ్దం, రెండో సగం అర్థం. మన రైలుబండి లాగా. 'రైలు'ని అలాగే ఉంచి పక్కన 'బండి' తగిలించాం కదా, అలాగ. తేడా ఏమిటంటే రైలుకి తెలుగులో ఇంకో అర్థం లేదు కాబట్టి బయటివాడని తెలిసిపోతుంది. లొహికి ఉంది. వేషం ఎంత బాగా కుదిరిందంటే సొంతూరివాళ్ళు కూడా వందల ఏళ్ళు పోల్చుకోలేదు.

చిన్నయసూరి సమాసాలని సాంస్కృతికం, ఆచ్ఛికం, మిశ్రమం అని మూడు రకాలు చేశాడు. ఆయన లెక్కలో మన చేపపాము మిశ్రమమే, కానీ అచ్చతెనుగు పంచె కట్టుకుని తిరుగుతున్న మిశ్రమం.

నవ్వుకుంటూ ఇంటికొచ్చాక అనుమానం వచ్చింది. మన దగ్గర ఈ మృగాన్ని ఏమంటున్నాం? వార్తల్లో డ్రాగన్ అనే రాస్తున్నాం. ఫిన్నిష్ పుస్తక భాష మొదలైందే చర్చి కోసం. మికాయెల్ అగ్రికోలా 1543లో అక్షరమాల పుస్తకం, 1548లో కొత్త నిబంధన అచ్చు వేయించాడు. ఇప్పటి ఫిన్నిష్ బైబిల్ చివర ప్రకటన గ్రంథంలో ఉన్నది మన లొహిక్యార్మెనే. మరి తెలుగు బైబిల్లో అదే చోట ఏముందా అని చూశాను. ఘటసర్పము! ఘటం అంటే కుండ. కుండపాము. పూర్వం ఎవరిది నిజమో తేల్చడానికి కుండలో పాముని పెట్టి చెయ్యి పెట్టించేవాళ్ళు, ఆ పరీక్షకీ ఇదే పేరు. భయపడటానికి అప్పటికే సిద్ధంగా ఉన్న మాట. ఏడు తలల ఎర్రటి మృగం మన దగ్గర కుండలోనూ వీళ్ళ దగ్గర సూపులోనూ కాపురం ఉంటోంది. ఇంక నేనెవర్ని చూసి నవ్వేది?

ఇక్కడితో ఆపేస్తే సరిపోయేది. కానీ ఈ మాటల పుట్టుక చదువుతున్నంతసేపూ నాకు ఇంకో మాట గుర్తొస్తూనే ఉంది. నిజానికి ఈ నెల రాయాలనుకున్నది దాని గురించే.

మాది జగిత్యాల దగ్గర ఊరు. బాపు పసుపు వేసేవాడు, మక్కలు వేసేవాడు. మక్కలంటే మక్కజొన్న. మక్క కంకులు నిప్పుల మీద కాల్చుకునేవాళ్ళం, ఎండిన గింజలతో గుడాలు, పేలాలు, పచ్చివాటితో గారెలు. ఆ మాట తప్ప ఇంకో మాట ఉందని నాకు పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా తెలియదు. ఇంజనీరింగ్‌కి బయటికి వెళ్ళాక మొదటి వారం హాస్టల్ మెస్సులో "మీ నాన్న ఏం చేస్తారు" అని ఎవరో అడిగితే "మక్కలు వేస్తడు" అన్నాను. టేబులు టేబులంతా నవ్వింది. "మక్క ఏంట్రా, మొక్క! మొక్కజొన్న! మొక్కకి కాస్తుంది కాబట్టి మొక్కజొన్న." చదువుకున్న పిల్లలు, ఓపిగ్గా వివరించి మరీ చెప్పారు. నాకూ సబబుగానే తోచింది. మక్క అంటే ఏమిటో నాకే తెలియదు మరి. మొక్క అంటే తెలుసు. నాలుగేళ్ళు నా పేరు మక్క. ఎవరూ చెడ్డవాళ్ళు కారు, అందులో ఇద్దరితో ఇప్పటికీ మాట్లాడతాను. కానీ నేను నాలుక కడుక్కున్నాను. వేస్తడు పోయి వేస్తాడు వచ్చింది. గట్ల పోయి అలా వచ్చింది. ఇప్పుడు మీరు చదువుతున్న ఈ తెలుగు అలా వచ్చిందే.

ఒకరోజు హాస్టల్ వరండాలో నిలబడి ఇంటికి ఫోన్ చేస్తున్నాను. బాపు కొంచెంసేపు విని అడిగాడు.

"గట్ల మాట్లాడుతున్నవేంది బిడ్డా? పక్కన ఎవరన్నా ఉన్నరా?"

పక్కన ఎవరూ లేరు. ఉన్నారని చెప్పాను.

మొక్కజొన్న సంగతి ఇప్పుడు చూడండి. ఏ ధాన్యం మొక్కకి కాయదు? వడ్లు కాయవా, కందులు కాయవా? మొక్కకి కాసే జొన్న అంటే ఆకాశం నుంచి పడే జొన్న ఇంకోటి ఉండాలి కదా. హిందీలో దీన్ని మక్కా అంటారు, మక్కీ అంటారు. అమెరికా ఖండం నుంచి ఓడలెక్కి వచ్చిన పంట ఇది, మనది కాదు. ఆ పేరు మక్కా నగరం నుంచే వచ్చిందని చెప్పేవాళ్ళూ ఉన్నారు. దాంట్లో ఆశ్చర్యం లేదు, ఇటలీవాళ్ళు ఇదే గింజని టర్కీ ధాన్యం అన్నారు. ఎవరికి వాళ్ళు దూరం నుంచి వచ్చినదానికి దూరపు పేరు పెట్టుకున్నారు. మా వైపు ఆ మక్కని మక్కగానే ఉంచి జొన్న తగిలించారు. కోస్తా చెవికి మక్క అంటే ఏమీ కాలేదు, పక్కనే మొక్క కనిపించింది. లొహ్ పక్కన లొహి కనిపించినట్టే. నా లెక్క ఇది. ఇంతకన్నా మంచి లెక్క మీ దగ్గర ఉంటే వింటాను, కానీ "మొక్కకి కాస్తుంది కాబట్టి" అని మాత్రం చెప్పకండి. అది పొలుసుల సిద్ధాంతం. మా పిల్ల కూడా నమ్మదు.

అలాగని మొక్కజొన్న తప్పని అనను. లొహిక్యార్మె తప్పా? ఒక దేశం దేశం పలుకుతోంది, పిల్లలు బొమ్మలేస్తున్నారు. మా అమ్మ స్టేషన్ని టేషన్ అంటుంది, స్టీలు గిన్నెని టీలు గిన్నె అంటుంది, ఊరి ప్రెసిడెంటు పెసిడెంటు. అచ్చం ఫిన్నిష్ సూత్రం, ముందు హల్లు తీసెయ్యడమో జంటని విడగొట్టడమో. అదే పని ఫిన్నిష్‌వాళ్ళు చేస్తే మూడు సంపుటాల నిఘంటువులో ఎక్కింది. మా అమ్మ చేస్తే నేను బస్టాండులో "అమ్మా, టేషన్ కాదు, స్టేషన్" అని సరిదిద్దాను. పదిమంది ముందు. ఆ రోజు ఆమె ముఖం ఎలా ఉందో నేను చూడలేదు. చూడకుండా బస్సు నంబరు వెతుక్కుంటున్నట్టు నటించాను.

సోమవారం ఆఫీసులో చేపపాము సంగతి చెప్తే కుయోపియో ఆయన బల్ల చరిచాడు, నే చెప్పలేదా అని. ఆ సంతోషంలో మాటల్లో పెట్టి అడిగాను, మీ వైపు యాస మీరెప్పుడూ మాట్లాడరేం అని. వాళ్ళది సవో ప్రాంతం. భూమిని అందరూ 'మా' అంటే సవో వాళ్ళు 'మువా' అంటారు. టీవీలో నవ్వించే పాత్ర కావాలంటే ఆ యాస పెట్టేస్తారట. "హెల్సింకిలో చదువుకి వచ్చిన మొదటి శీతాకాలంలోనే మానేశాను. ఇప్పుడు మా అమ్మతో మాట్లాడేటప్పుడు కూడా రాదు. వచ్చినా నటిస్తున్నట్టుంటుంది" అన్నాడు. కాఫీ అయిపోయేదాకా ఇద్దరం ఇంకేం మాట్లాడుకోలేదు. ఫిన్లాండులో మాట్లాడకుండా కూర్చోవడం తప్పు కాదు, ఆ సౌకర్యం ఒకటుంది.

బాపు పోయి మూడేళ్ళవుతోంది. పక్కన ఎవరూ లేరని ఆయనకి చెప్పనేలేదు.

ఆదివారం వీడియో కాల్ పెట్టి అమ్మకి ఈ చేపపాము కథంతా చెప్పాను, మక్కల దాకా. మా ఆవిడది తెనాలి, పక్కనుంచి "మాది మొక్కజొన్న పొత్తే, నే మార్చను" అని వంటింట్లోంచి కేకేసింది. అమ్మ తాపీగా విని, "మక్కలు మక్కలు గాక మరేంది? గిది తెలుసుకునేతందుకు గంత దూరం పోయినవా?" అంది. చాలా ఏళ్ళ తర్వాత నా నోట్లోంచి "అవునే" అని వచ్చింది. నాకే కొత్తగా వినిపించింది.

ఆ రోజు మధ్యాహ్నం పొయ్యి మీద కంకులు ఉడుకుతున్నాయి, ఇక్కడి సూపర్ మార్కెట్‌లో ప్లాస్టిక్ చుట్టి అమ్మే రకం. ఇక్కడ వాటిని మైస్సి అంటారు. పిల్ల ఒకటి పట్టుకొచ్చి ఫోన్లో నానమ్మకి చూపించింది. ఒకవైపు నానమ్మ "మక్క కంకి" అంది, ఇంకోవైపు వాళ్ళమ్మ "మొక్కజొన్న" అంది. పిల్ల ఇటూ అటూ చూసి, కంకిని ఒక కొరుకు కొరికి, తనే తేల్చేసింది.

"కాదు. మైస్సిజొన్న."

"ఏం జొన్న?" అని నానమ్మ ఫోను చెవికి దగ్గరగా పెట్టుకుంది. తెరంతా ఆమె చెవి.

"మైస్సిజొన్న, నానమ్మా!"

"మైసిజొన్న," అంది అమ్మ, ఒక 'స' రాల్చేసి. పిల్ల సరిదిద్దలేదు.